పొల్లుపోకుండా

బ్రస్సెల్స్‌లో నాలుగో అంతస్తు, కిటికీ లేని గది.
పదకొండు నెలలుగా మీమూన చెవుల్లో
ఒక మనిషి కాపురముంటున్నాడు.

వాడి పొడిదగ్గు ఆమెకు తెలుసు,
మెట్లెక్కేటప్పుడు మూడో మలుపులో ఆయాసం,
టీలో పుదీనా మరిచిన పెళ్ళాం మీద విసుగు,
కూతురికి ఎక్కాలు చెబుతూ
ఏడెనిమిదుల దగ్గర తనే తడబడటం.
అన్నీ రాసింది.
అక్కర్లేదని పై అధికారి కొట్టేశాడు.

వాడిది రిఫ్ కొండల యాస.
ఆ యాసలోనే అమ్మమ్మ ఆమెను తిట్టేది,
తిట్టి, నూనెలో ముంచిన రొట్టె
చేతిలో పెట్టేది.

మంగళవారం రాత్రి రెండింటికి
వాడు ఎవరితోనో అన్నాడు:
"రేపు మేకలు దిగుతున్నాయి, స్టేషన్ దగ్గరికి."

వాడికి మేకలు లేవు.
ఆ వీధిలో ఎవరికీ మేకలు లేవు.
కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఆగాయి
ఒక్క ఊపిరి సేపు.
ఆ తర్వాత రాసింది.

తెల్లారకముందే తలుపు బద్దలైంది.
రైళ్ళు వేళకే నడిచాయి.
ప్లాట్‌ఫారం మీద ఎవడో
చొక్కా మీద కాఫీ ఒలకబోసుకుని
తన దరిద్రాన్ని తిట్టుకున్నాడు.

మీమూన ఇంటికెళ్ళి నిద్రపోయింది.
నిద్రలో దగ్గింది, వాడిలాగే.

కేసు మూసేదాకా లైను తెరిచే ఉంచాలి, అది నియమం.
గురువారం సాయంత్రం వాయిస్ మెయిల్లో ఒక గొంతు.
హెడ్‌ఫోన్ సర్దుకుని ఆమె రాసింది:

పాప: బాబా, ఏడెనిమిదులు యాభయ్యారు.
నిశ్శబ్దం, తొమ్మిది సెకన్లు.
పాప: తప్పా?