ఒక వేలు

పాడువా సంతరోజు
గల్లాపెట్టె పక్కన గురుబారి ఒక ఆకు పెట్టింది.
ఆకు కాదు, ఆకులో ఒక వేలు.
మిగతా వేళ్ళు దారిలో ఎక్కడో గిల్లేసి తెచ్చింది.

అంచంతా రంపప్పళ్ళు.
ఈనెలు పచ్చగానే ఉన్నాయి,
ఈనెల నడుమ పసుపు.
"వంగ" అంది.
నేనూ వంగే అన్నాను.

కింది ఆకులా, పైవా?
కిందివి.
పూత మీదుందా?
నేల చూసింది.

పూతకొచ్చిన మొక్క అంతేనమ్మా,
చాలకపోతే ఎవర్నీ అడగదు,
కింది ఆకుల్లోంచి తోడి
పైన పువ్వుకి పెడుతుంది.
మెగ్నీషియం అంటారు దాన్ని...

చెబుతూ తలెత్తితే
కంటిరెప్ప లోపల ఎరుపన్నది లేదు.
చంకలో ఒకటి,
కడుపులో నెల తెలియనిది ఇంకొకటి.
గోళ్ళు సున్నం.

పంట ఎవరిదని అడగలేదు.
కొండెక్కి విత్తనం ఇచ్చి పోయినవాడు
ఎరువుల కొట్టుకి రాడు.
వేలొకటి గిల్లించి ఈమె చేత పంపుతాడు.

పొట్లం కట్టబోయిన కాగితం మడిచి పెట్టేశాను.
ఎదురు సందులో ఆశా దీదీ ఉంటుంది,
ఎర్రమాత్రలు ఊరికే ఇస్తుంది, పూటకొకటి, అన్నాను.

"మొక్కకా?" అంది.