గోళ్ళు వదిలేసి

మూడో సైకిల్లో అమ్మ అరచేతులు
ఉడికించిన రొయ్యల్లా ఎర్రబడ్డాయి.
పీచురంగు మాత్రలు, పొద్దున మూడు, రాత్రి మూడు,
అన్నం తిన్న అరగంటలోపు.
లెక్కపెట్టి ఇచ్చేది నేనే.
మద్దిలపాలెం మందుల షాపులో పన్నెండేళ్ళుగా
ఊరందరికీ లెక్కపెట్టి ఇస్తున్నదీ నేనే.

మొదట వేళ్ళ చివర్లు నున్నబడ్డాయి.
తర్వాత మడమలు చీలాయి.
ఆ తర్వాత ఒకరోజు పెదజాలరిపేట డిపోలో
మిషను ఆమె బొటనవేలిని ఎరగనంది.
చూపుడువేలినీ ఎరగనంది.
నలభై ఏళ్ళు వంజరం కోసిన వేళ్ళు,
హార్బరు వేలంలో గాల్లోకి లేస్తే
పాటగాడు ధర దగ్గర ఆగిపోయిన వేళ్ళు.
"అరిగిపోనాయేటి బాబూ నా గీతలు?" అంది
వెనక లైనంతా వినేలా నవ్వుతూ.
డిపో కుర్రాడు గుడ్డతో అద్దం తుడిచాడు.
ఆమె వేలు తుడవడానికి మాత్రం జంకాడు.

నేను తెచ్చిన ట్యూబులు మూడు.
ఒకటి మండుతోందని విసిరికొట్టింది.
కలబంద మట్ట చీల్చి, గుజ్జు ఫ్రిజ్‌లో పెట్టి
చల్లగా రాస్తే కళ్ళు మూసుకుంది
కాసేపు.
కాసేపే.
ఉప్పు ముట్టుకోలేదు, ఐసు ముట్టుకోలేదు,
చేపలమ్మేదానికి ఇంకేం మిగిలింది ముట్టుకోడానికి?

అప్పుడొచ్చింది పక్కింటి దానయ్యమ్మ
కొంగులో గోరింటాకు మూటగట్టుకుని.
సింహాచలం కొండకింద చెల్లెలి దొడ్లోదట.
"సలవ సేత్తాది. రోలు కడుగు."
అమ్మ చేతులు వెనక్కి దాచుకుంది.
నాన్న పడవ తిరిగిరాని ఏడు నుంచి
ఆ చేతులకి ఎరుపు లేదు.
"ముండమోసినదాన్ని, నాకెందుకే ఆ సోకు?"
"సోకని ఎవులన్నారే? మందు!"
అప్పటికే రోట్లో బండ తిరుగుతోంది.

నేను షాపు మనిషిని, అడక్కుండా ఒప్పుకోను.
అగనంపూడి ఆసుపత్రిలో డాక్టరు
ఫైలు లోంచి తలెత్తకుండానే చెప్పాడు:
నెత్తురొచ్చే పగుళ్ళ మీద వద్దు.
కోన్లు అసలే వద్దు, ఏం కలుపుతారో తెలీదు.
ఉత్త ఆకైతే, కొందరు హాయిగా ఉందంటారు.
మంట పెరిగితే కడిగేసి రండి.
గుమ్మం దాకా వెంటొచ్చింది నర్సు సుగుణకుమారి:
"గోళ్ళు వదిలేయండమ్మా.
ఎర్రగోటి మీద మా క్లిప్పు సరిగ్గా చదవదు."

పేరులోనే గోరున్న ఆకు
గోరుని తాకకుండా
అమ్మ అరచేతుల్లో, అరికాళ్ళలో పరుచుకుంది.
ఆ రాత్రి నేనే అన్నం కలిపి పెట్టాను.
ముక్కు దురదపెడితే నేనే గోకాను.
"అటు కాదే, ఇటు" అని విసుక్కుంది,
చిన్నప్పుడు నా జడ వేస్తూ విసుక్కున్నట్టే.

తెల్లారి కడిగితే
ఏ ఎరుపు మాత్రదో, ఏ ఎరుపు ఆకుదో
పన్నెండేళ్ళ నా అనుభవానికి అందలేదు.
మంట తగ్గిందా అంటే
"నిన్న పది. ఇయ్యాల ఆరు"
చేప ధర చెప్పినట్టే చెప్పింది, బేరం లేకుండా.

గంప ఎత్తకపోయినా వీధరుగు మీద కూర్చుంటే
పాత ఖాతాదారు ఒకావిడ ఆగింది.
"ఏటి కాసులమ్మా, ఇంట్లో పెళ్ళా?"
"అవునమ్మా, నాకే."
ఆవిడ వెళ్ళాక చాలాసేపు
తన చేతుల్ని తనే తిప్పి తిప్పి చూసుకుంది.

మళ్ళీ డిపో. మళ్ళీ వేలు.
మిషనుకి గోరింటాకు గురించి ఎవరూ చెప్పలేదు.
ఎరగనంది.
కుర్రాడు ఈసారి కంటి మిషను తీశాడు.
"రెప్ప వెయ్యకమ్మా, కదలకు."
పదకొండేళ్ళ కిందట ఒడ్డున నిలబడి
నీళ్ళ చివర చూసినట్టే
రెప్ప వెయ్యకుండా చూసింది.
టక్కున పచ్చలైటు.

బియ్యం సంచీ నేనెత్తుకున్నాను.
ఆమె ముందు నడిచింది, చెప్పుల్లో మెత్తటి గుడ్డ వేసుకుని,
రెండు చేతులూ ఒళ్ళుకి దూరంగా పట్టుకుని,
ఇంకా ఆరనట్టు.
నాలుగో సైకిలు సోమవారం.
రోలు కడిగి బోర్లించే ఉంది.