కుప్పమ్మ కన్ను

పిచ్చాటూరు దాటి అరణియార్ కట్ట ఎక్కగానే
జేబులోని ఫోను తమిళంలో స్వాగతం చెప్పింది.
పొలిమేరలు టవర్లకు తెలియవు.
బండి వెనక ఆధార్ పెట్టె తాడుతో కట్టుకుని
యానాది కాలనీలో దిగాను.

అక్కడ సిగ్నలు ఒక్క చోటే ఉంటుంది:
నీళ్ల ట్యాంకు నిచ్చెన నాలుగో మెట్టు మీద.
మూడో మెట్టు మీద ఉండదు, ఐదో దాని మీద పోతుంది.
పిలకాయలు వంతులేసుకుని అక్కడ వేలాడతారు,
కరెంటు తీగ మీద పిట్టల్లాగా.

ముందుగా వచ్చింది ఇండ్ల కుప్పమ్మ.
ఇంటిపేరు ఇండ్ల.
ఇల్లంటే రెండు రేకులు, ఎగిరిపోకుండా పైన నాలుగు రాళ్లు.
"మూడు నెల్లుగా బియ్యం లేవు సామీ,
నేను నేను కాదంటాండాది మిషను."

బొటనవేలు పెట్టమన్నాను. ఎర్ర లైటు.
తడిబట్టతో తుడిచి, కొబ్బరినూనె రాసి,
మళ్లీ పెట్టమన్నాను.
ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, పది వేళ్లూ అయిపోయాయి.
గట్ల వెంబడి ఎలక బొక్కలు తవ్వి తవ్వి
బురదలో పీతల్ని తడిమి తడిమి
ఆ వేళ్లు గీతలన్నీ మట్టికే ఇచ్చేశాయి.
మట్టి దగ్గర రశీదు అడిగే అలవాటు ఆమెకు లేదు.

కళ్ల మిషను తీశాను.
"అదరొద్దు" అనబోయి ఆగిపోయాను.
పొగకుండ ఊదుతూ, బొక్క మొదట్లో
రెప్ప కొట్టకుండా కాచుకునే మనిషికి
నేనా చెప్పేది!
వంగి చూసింది, లోపల ఏదో కదిలినట్టు.
పచ్చ లైటు.

తెర మీద పాత ఫోను నంబరొకటి వచ్చింది.
ఎవరిదని అడిగాను.
"తోటాయనది. అప్పుడు మాకు ఫోను యాడిది?
ఆయన్నే రాయించినాడు."

ఇన్నేళ్లూ ఆమె పేరు మీద వచ్చిన ఆరంకెలు
మామిడితోట ఆయన చొక్కా జేబులో మోగాయి.
అవి అడగడానికి పోతే
ఆయనకు పాత అప్పు గుర్తొస్తుంది.
రెండు రోజులు రాలిన కాయలు ఏరితే గానీ
ఆరంకెలు నోరు దాటి రావు.

ఆ నంబరు ఎక్కించిన చెయ్యి ఎవరిదో.
తొమ్మిదేళ్లుగా క్యాంపులు తిరుగుతున్నాను.
పక్కన నిలబడి ఎవరో చెబుతుంటే
తలెత్తకుండా కొట్టిన నంబర్లు ఎన్నో.
నాదే కావచ్చు.

మనవరాలు భార్గవి పాలిథిన్ సంచి విప్పింది.
లోపల గుడ్డ, గుడ్డలో ఫోను,
పగిలిన అద్దానికి రబ్బరు బ్యాండు.
పుల్లలమ్మి కొన్నదట. సిమ్ము తన పేరు మీదే.
నంబరు మార్చాను.
పిల్ల నాలుగో మెట్టుకు పరిగెత్తింది.
కాసేపు ఏమీ లేదు.
కుక్క ఒకటి నా పెట్టెను వాసన చూసి పోయింది.

"వచ్చిండాది!"

కుప్పమ్మ ఫోను లాక్కుంది.
"చదవొద్దు మే, నేను చూస్తా.
ఇది కొడవలి."
ఏడు, అంది పిల్ల.
"ఇది బొక్క."
సున్నా.
"గడ్డపార. నత్త. మళ్లా బొక్క.
ఇదేందీ, నీళ్లపాము తలెత్తిండాది."
ఒకటి, ఆరు, సున్నా, రెండు.
అడుగుజాడలు చదివినట్టు ఆరూ చదివేసింది.

"రేపు కూడా ఇదే వస్తాదా?"
రాదు, ప్రతిసారీ కొత్తది, అన్నాను.
"అట్లైతే సరే.
ఎలక్కూడా ఒకే దోవన రెండు తూర్లు రాదు."

బియ్యానికి పది రోజులు పడుతుందని
ఎప్పుడూ చెప్పే మాటే చెప్పి పెట్టె కట్టాను.
బండి తీస్తుంటే వెనకే వచ్చి హ్యాండిలు పట్టుకుంది.

"వేళ్లంటే తుడుచుకున్యా.
నా కన్ను ఆ పెట్లో యాడ పెట్నావు సామీ?
ఎవురు చూస్తారు దాన్ని?"

నా దగ్గర ఉన్నది రశీదు.
అదే ఇచ్చాను.