చీకటి పడేముందు లెక్క

తడిక సందులోంచి ఒక్కొక్కటే లోపలికి దూరుతుంటే
గోడ మీది బొగ్గు చుక్కల్ని వేలితో తాకుతూ పోతాను.
కాకి. డేగ. రెండు పర్లలు.
బోసిమెడ మైల పెట్ట,
దాని వెనక తొమ్మిది పిల్లలు,
ఎనిమిదే అనిపించి మళ్ళీ తొమ్మిదై.

ఆనందపురం అవతల బ్రాయిలర్ షెడ్డులో ఏడేళ్ళు చేశాను.
అక్కడ లెక్క వేలల్లో, బస్తాల్లో.
నిద్రపోతే తినవని రాత్రంతా లైట్లు.
నలభై రెండో రోజు లారీ.
కోడి మట్టి గీకడం అక్కడ చూళ్ళేదు.
మట్టేదీ, అంతా ఊక.

ఇక్కడ అరెకరం జీడితోట, ఎర్రమన్ను.
చెదపుట్ట దొరికిన రోజు నూకలు మిగుల్తాయి.
భీమిలి వైపు నుంచి ఉప్పుగాలి తిరిగాక
కొమ్మల కింద గుంటలు చేసుకుని దుమ్ములో పొర్లుతాయి,
ఒక కన్ను మూసి, ఒక కన్ను ఆకాశానికి అప్పజెప్పి.
గెద్ద నీడని ముందు పసిగట్టేది పుంజు కాదు,
కుంటి పెట్ట.

నిరుడు వేసంగిలో కొక్కెర తెగులొచ్చింది.
మెడలు మెలిపడి, పచ్చగా పారుకుని
వారంలో ముప్పై నాలుగు.
గొయ్యి మా ఆయన తవ్వాడు, సున్నం నేను చల్లాను.
ఆ చుక్కలు చెరపడానికి చెయ్యి రాలేదు.
గోడకి వెల్ల వేసినప్పుడు కూడా
ఆ మూరెడు మేర వదిలేశాం.

మిగిలింది ఇదొక్కతే.
“తెగులు కూడా దీన్ని లెక్కలో యెయ్యలేదు” అన్నాడాయన.
ఎర్నాయుడు తన పుంజుని వారం అరువిచ్చాడు,
పొదిగితే రెండు పిల్లలిచ్చే మాట మీద.

ఇప్పుడు మందు నేనే తెస్తాను,
టిఫిను డబ్బాలో, ఐసుముక్కల నడుమ.
బస్సులో పక్కావిడ “ఏటమ్మా కూర?” అంది.
“కంట్లో ఎయ్యడానికి” అన్నాను.
కాస్త జరిగి కూచుంది.

ఇవాళ ఎమ్వీపీ కాలనీ నుంచి కారొచ్చింది.
ఆయన వేలు సరిగ్గా కుంటిదాని మీదే పడింది.
“ముసల్ది బాబూ, ఉడకదు.”
“కుక్కరుందిలే.”
“లెక్క తప్పిపోద్ది” అన్నాను.
నవ్వి, డేగపుంజుని తూకం వేయించుకున్నాడు.
రెండు కిలోల ముప్పావు.
కాళ్ళు కట్టింది నేనే.
సీటు కింద అది ఒక్కసారి కూసింది, వేళ కాని వేళ.

అన్నీ ఎక్కాయి.
కుంటిది ఆఖర్న, ఎప్పటిలాగే,
గడప దగ్గర ఆగి వెనక్కి చూసి.

డేగ చుక్కని బొటనవేలితో తుడిచాను.
అన్నం కలుపుతుంటే తెలిసింది,
చెయ్యి కడిగానే గాని
గోటి పక్క నలుపు పోలేదు.