రెండో కుర్చీ

మంగళవారం ఆరింటికి
టైపు ఇన్‌స్టిట్యూట్ షట్టరు సగం దించుతాను.
మిషన్ల మీద పాత దుప్పట్లు కప్పుతాను.
రెండు కుర్చీలు, మధ్యన బల్ల, గ్లాసుడు నీళ్ళు.
ఇది ఆఫీసు అనుకోవాలి,
నేను మేనేజర్ని అనుకోవాలి.

"అనుకోవడం ఎందుకు?
మీరు టీచరే గదా"
అంటాడు మాల్యాద్రి.

ఇరవై మూడేళ్ళవాడు.
చీమకుర్తిలో ఐదుంపావు బస్సెక్కుతాడు.
డ్రైవరు వెనక మూడో సీటు దొరక్కపోతే
దిగి, ఇంకో బస్సు కోసం నిలబడతాడు.

తలుపు తట్టు, లోపలికి రావచ్చా అని అడుగు,
కూర్చోమన్నాకే కూర్చో.
తట్టాడు, అడిగాడు, వచ్చాడు,
నిలబడ్డాడు,
కూర్చోమనడం నేను మర్చిపోయినంతసేపూ.

మీ గురించి చెప్పండి.

"ఎంతవరకు?"

ముప్పయ్యేళ్ళుగా ఒంగోలులో ఉన్నాను,
ఈ మాట ఎవరూ తిరిగి అడగలేదు.
రెండు నిమిషాలు, అన్నాను.
గడియారం చూస్తూ మొదలుపెట్టాడు:
పుట్టిన తేదీ, రక్తం గ్రూపు,
బడి మాన్పించిన నెల, మళ్ళీ చేర్చిన నెల,
వాళ్ళమ్మ క్వారీ క్యాంటీన్లో
పొద్దునపూట కడిగే ప్లేట్లెన్నో,
"నాకు బాగా వచ్చిన పని"
అన్నాడు, రెండు నిమిషాలూ నిండాయి,
ఆగిపోయాడు.

ట్యూబ్‌లైటు ఆపమన్నాడు ఒకరోజు.
రాయి కోసే మిషన్ మోత పరవాలేదంట,
అది ఒక మాట మీద నిలబడుతుంది.
ఇదైతే నిమిషానికో మాట మారుస్తుందంట.
అప్పట్నించీ వీధి దీపం వెలుతుర్లోనే
మా ఇంటర్వ్యూలు.

కళ్ళలోకి చూడాలిరా.
"చూస్తే మాటలు వినపడవు టీచరూ."
చెవులు కళ్ళల్లో ఉన్నాయా అని
కసిరినదాన్ని నేనే, మొదటి వారం.
ఆ మాట ఈ గదిలోనే ఉంది ఇంకా,
వాడు ఏదీ మర్చిపోడు.
తరవాత సర్దుకుని
నా బొట్టు వైపు చూడు, అన్నాను.
చూశాడు.
"కొంచెం ఎడమకుంది.
మేనేజరుకి బొట్టు లేకపోతేనో?"
అయితే చొక్కా రెండో గుండీ చూడు.

మీ బలహీనత ఏమిటి?
దీనికో జవాబు నేర్పాను:
పని మొదలుపెడితే ఆపలేను సార్.
"కానీ ఆపగలను గదా.
అయిదింటికి ఆపుతాను."

ఆలోచిస్తూ వేలికణుపుతో బల్ల తట్టాడు.
జరిగి, ఇంకోచోట తట్టాడు.
మళ్ళీ అక్కడే.
"ఇక్కడ లోపల చీలింది."
మా నాన్న చేయించిన టేకు బల్ల,
పైన అద్దంలా ఉంటుంది.
కింద దూరి టార్చి వేస్తే
వెంట్రుక మందాన గీత.

నల్లరాతిలో బంగారు చుక్కలు
అందరూ చూస్తారు.
వీడు ఆ రాతిని వింటాడు.
రెండో నిమిషంలో తెగిన వాక్యం
ఇదేనేమో.

సరే, నువ్వీ కుర్చీలోకి రా, నన్నడుగు.
వచ్చాడు. "మీ గురించి చెప్పండి"
అన్నాడు, నా గొంతుతో,
నా దగ్గుతో సహా.

లోయర్లు, హయ్యర్లు
ఎందరిచేతనో పాస్ చేయించినదాన్ని
నీళ్ళు తాగాను.
ఇప్పుడు టైపుకి ఎవరొస్తార్లే అని
గోడకి చెప్పాను.
వాడు తొందరపెట్టలేదు.
"గుండీ చూడండి టీచరూ" అన్నాడు.

చూశాను.
తెల్ల గుండీ, నల్ల దారం.
అప్పుడు వచ్చింది మాట,
ఎంతవరకని అడక్కుండానే
చాలా దూరం వచ్చింది.

ఎల్లుండి పదింటికి, పాలిష్ ఫ్యాక్టరీలో,
పలకలు చెక్ చేసే పనికి.
మేనేజరుకి ఒక కాగితం టైపు చేశాను,
దుప్పటి తీసి, దుమ్ము ఊది:
అయ్యా, ట్యూబ్‌లైటు ఆపించండి.
కూర్చోమని చెప్పండి.
ఎంతవరకు చెప్పాలో చెప్పండి.
ఒక పలక ముందు పెట్టి చూడండి.

వాడు చదివాడు, రెండుసార్లు.
జేబులో పెన్ను తీసి
ఒకటి కొట్టేసి మూడు అని రాశాడు.

"పగిలిందొకటి, మంచివి రెండు.
లేకపోతే ఊరికే చెప్పాననుకుంటారు."

సగం దించిన షట్టరు కింద వంగి
ఏడున్నర బస్సుకి పోయాడు.
వెళ్ళొస్తానని చెప్పలేదు.
అది నేను ఇంకా నేర్పలేదు.