తొమ్మిదో నంబరు దారి

ఇరవై రెండేళ్లు బస్సు సీట్లోనే బిగుసుకుపోయిన
రొసామెల్ నడుముకి
డాక్టరమ్మ రాసిచ్చిన మందు: సైకిలు.

వాల్దివియాలో వాన ఇంకా వెలవలేదు.
కొట్లో రేసు సైకిలుకి వత్తుల్లాంటి చక్రాలు,
ఎక్కితే వంగి దండం పెట్టాల్సిందే.
కొండ సైకిలు టైర్లు లావు, ధర మరీ లావు.
మూలన బూడిదరంగుది,
అటూ ఇటూ కానిది,
నిటారుగా కూర్చోనిచ్చేది.
బేరం తెగలేదు గానీ
మడ్‌గార్డులు ఊరికే వచ్చాయి.

కూతురు మైతెన్ గంట ఒక్కటే పరీక్షించింది,
ఏడుసార్లు.

ఆదివారం ఏటిగట్టున ముందు తను,
వెనక చిన్న సైకిలు మీద పిల్ల.
చేపల బజారు దగ్గర సముద్రసింహాలు ఆవులిస్తుంటే
తొమ్మిదో నంబరు బస్సు దాటిపోయింది.

రోజూ తను తోలే దారే.
ఇక్కడ ఎత్తుందని
ఇవాళే మోకాళ్లు చెప్పాయి.

"నాన్నా, దిగకు!
గంట కొట్టు!"