తెల్లగడులు

ఈ హాజరు పట్టీలో టిక్కులు
రెండేళ్ళ కిందటి ఒక శుక్రవారం దాకా ఉన్నాయి.
సోమవారం గడి నుంచి అంతా తెలుపు.
ఆ తెలుపులో చెదలు ఓ దారి తవ్వుకున్నాయి,
మార్జిన్ వెంబడే, ఒద్దికగా,
ఒక్క పిల్ల పేరు కూడా తినకుండా.

బుసోగా చెరకు తోటల నడుమ మా ప్రైవేటు బడి.
జీతాలు ఆగిన మూడో నెలలో
యజమాని మూడు గదులూ మొక్కజొన్న వ్యాపారికి అద్దెకిచ్చాడు.
గంట బదులు మేం కొట్టే లారీ చక్రం
పాత ఇనుము కింద ఎప్పుడు పోయిందో ఎవరూ చూళ్ళేదు.
నేను నాలుగు రోడ్ల కూడలిలో చపాతీలు కాల్చాను.
పిల్లలు కొన్నారు, చిల్లర లెక్కపెట్టారు,
కొందరు "టీచర్" అన్నారు,
కొందరు నా మొహం చూడకుండా పెనాన్ని చూశారు.
సుద్ద అంటిన చేతికి పిండి అంటింది.
రెండూ తెలుపే కదా అని నవ్వేదాన్ని.
ఇంటికెళ్ళాక నవ్వు వచ్చేది కాదు.

ఇవాళ బడి తెరిచాం.
గేటు దగ్గర పసుపు డబ్బా, దానికో తాడు,
కాలితో తొక్కితే చేతుల మీద నీళ్ళు.
నైగగా తన చివరివాణ్ణి లోపలికి వదలకుండా
చెయ్యి పట్టుకునే నిలబడింది.
"ఇంట్లో మా అత్త దగ్గుతోంది.
వీడు మోసుకొస్తే?"
నా దగ్గర జవాబు లేదు, సబ్బు ఉంది.
సబ్బు ఇచ్చాను.

బలికోవా సారు మోటారు సైకిలు మీద
ముగ్గురు పిల్లల్ని దింపాడు.
సైన్సు చెప్పేవాడు, గుండె బొమ్మ
చూడకుండా గీసేవాడు.
"రండి సార్, ఆరో తరగతి ఖాళీగా ఉంది."
"బండి అప్పు ఇంకా నాలుగు నెలలుందమ్మా,"
అన్నాడే గానీ ఇంజను ఆపలేదు.
వెళ్ళనూ లేదు.

అందర్నీ ఒక తరగతి పైకి పంపమన్నారు.
పిల్లలు చెప్పకుండానే పైకి వెళ్ళిపోయారు:
మోకాళ్ళు బల్లకింద పట్టడం లేదు,
చొక్కా చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి,
మొవోందాకి గొంతు మారింది, ఆ గొంతుతో
"ప్రెజెంట్" అనడానికి సిగ్గుపడుతున్నాడు.

"నంగోబి?"
పెళ్ళయింది, అంది వెనక బల్ల.
"టెన్యువా?"
చేపల పడవ మీద.
"కగోయా?"
"ఉన్నాను టీచర్," గుమ్మంలోంచి.
యూనిఫాం ముందువైపు పాల తడి.
చెట్టు కింద వాళ్ళమ్మ పసిదాన్ని ఊపుతోంది,
అమ్మమ్మ అవడానికి ఇంకా వయసు చాలని మనిషి.
నేను టిక్కు పెట్టాను.
ఆ ఒక్క టిక్కుకి కలం రెండుసార్లు దిద్దాల్సొచ్చింది.

నల్లబల్ల మీద వ్యాపారి లెక్క చెరపకుండా ఉంచాను:
పన్నెండు, పన్నెండు, పదకొండు.
గీత కింద ముప్పై రెండు.
మొదటి పాఠం ఇదే అనుకున్నాను, తేలిక కూడిక.
"ఎక్కడ తప్పు?"

చాలాసేపు ఈగల చప్పుడు.
మొవోందా లేచాడు.
అరచేతుల నిండా చెరకాకు కోతలు.
"తప్పు లేదు టీచర్.
ముప్పై ఐదు బస్తాలు మోశాం,
నేనూ మా అన్నా, ఇదే గదిలోకి.
ముప్పై రెండింటికే డబ్బులిచ్చాడు."

ఇరవై ఏళ్ళుగా కూడికలు చెప్తున్నాను.
సుద్దముక్క ఇచ్చి వాణ్ణి పిలిచాను.
వాడు రెండు కొట్టేసి ఐదు వేసి,
పక్కన చిన్నగా మూడు రాసి
దాని చుట్టూ సున్నా చుట్టాడు.
రావలసిన బాకీకి
పెద్దవాళ్ళు చుట్టినట్టు.

రానివాళ్ళ గడుల్లో నేను ఇంటూ పెట్టలేదు.
తెల్లగా వదిలేశాను.
తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగితే
చెదల మీద చెప్తాను.

మధ్యాహ్నం గేటు దగ్గర హారన్ మోగింది.
ఎవరూ కదల్లేదు.
మళ్ళీ మోగింది, పొడుగ్గా, మూడుసార్లు,
మా పాత చక్రం మోగినట్టే.
అప్పటిగ్గానీ పిల్లలకి తెలియలేదు
అది బలికోవా సారు కొట్టిన
అన్నం గంట అని.